ఎవరి కోటు, ఎవరి రక్తం

ఆమెను అందరూ ఊదుడక్క అంటారు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కుర్చీలో వెనక్కి వాలగానే, "చేతిలో వేడి టీ ఉందనుకో నాన్నా. ఊదు. ఇంకాస్త గట్టిగా ఊదు" అంటుంది. వాళ్ళు బుద్ధిగా బుగ్గలు పూరించి ఊదుతూ ఉండగానే సూది దిగిపోతుంది. "ఎప్పుడు గుచ్చుతారండీ?" అని అడిగేవాళ్ళకు పక్కన నిండుతున్న సంచి చూపిస్తుంది. ఆ పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆవిడ పనిచేసే బ్లడ్ బ్యాంకు ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైఅంతస్తులో ఉంది. నాలుగు వాలు కుర్చీలు, గోడ వారగా గుర్రుమనే ఫ్రిజ్‌లు, వీధి వైపు ఒక కిటికీ. కుర్చీల రెక్సిన్ చిరిగితే ఆవిడ భర్తే వచ్చి కుట్టిపోతాడు. ఆయన సోఫాలు కుట్టే మనిషి. అక్క ఓర్పంతా రక్తం ఇచ్చేవాళ్ళకే ఖర్చయిపోతుంది కాబట్టి మిగతా ప్రపంచానికి మిగిలేది ముక్కుమీద కోపమే. గుమాస్తాను కసురుతుంది, లిఫ్టును తిడుతుంది, వర్షాన్ని కూడా వదిలిపెట్టదు. ఇంట్లో వస్తువు ఏదీ పెట్టినచోట ఉండదు. "మా ఆవిడ ఇంటి తాళంచెవి కూడా తను వెతకదు, నన్ను వెతకమంటుంది" అని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. అలాంటి మనిషి ఊళ్ళో ఒక మనిషిని ఎలా వెతికి పట్టుకుందో చెప్పాలంటే బిస్కెట్ ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక రోజు రక్తదాన శిబిరం పెట్టారు. పనిచేసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. టీ విరామంలో జట్లు జట్లుగా వచ్చి, చేయి చాపి, ఊదమంటే ఊది, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అందరి తలకూ టోపీ, మూతికి మాస్కు. కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. తిరిగొచ్చాక సంచులన్నీ పరీక్షిస్తే ఒక దాంట్లో హెపటైటిస్ సి బయటపడింది. మళ్ళీ పరీక్షించారు. మళ్ళీ అదే వచ్చింది. పద్ధతి ప్రకారం ఆ సంచిని నాశనం చేశారు.

అది కాలేయాన్ని లోలోపల తినేసే వైరస్. ఏళ్ళ తరబడి పైకి ఏ బాధా తెలియనివ్వదు. తెలిసేసరికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. కానీ ముందే కనిపెడితే కొన్ని నెలల మాత్రలతో శుభ్రంగా పోతుంది. అంటే ఆ సంచి ఎవరిదో ఆ మనిషికి ఒక్క మాట చేరితే చాలు, బతుకు నిలబడుతుంది. చేరకపోతే లేదు.

గుమాస్తా కాగితం మీదున్న నంబరుకు ఫోను చేశాడు. అవతలి ఆవిడ, "నేను రక్తమే ఇవ్వలేదు, ఏం మాట్లాడుతున్నారు?" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇలాంటివి అతనికి మామూలే. భయంతో బుకాయించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాగితం మీద 'స్పందన లేదు' అని రాసి, డాక్టరు గారి సంతకానికి పెట్టాడు. ఆ సంతకం పడితే ఇక ఆ కాగితం బీరువాలోకి పోతుంది. ఆ మనిషిని వెతికే బాధ్యత ఎవరికీ ఉండదు.

"ఫోనులో ఏం చెప్పావు?" అని అడిగింది అక్క.

"మీ రక్తంలో తేడా ఉంది, కాలేయం జబ్బు, వెంటనే రండి అన్నాను."

"ఎదురుగా ఎవరున్నారో, ఫోను ఎవరి చెవి దగ్గరుందో కనుక్కోకుండానే అనేశావా? నిన్ను ఇక్కడ కూర్చోబెట్టినవాళ్ళను అనాలి!" అని కాగితం లాక్కుంది. ఎందుకంత పట్టుదల అంటే వెనక పెద్ద కథేమీ లేదు. ఆవిడ లెక్క చాలా చిన్నది. ఆ సూది గుచ్చింది తన చేయి. ఆ మనిషి తనను నమ్మి చేయి చాపింది. ఆ తర్వాత సంగతి నాకెందుకు అని చేతులు దులుపుకోవడం ఆవిడకు చేతకాదు, అంతే.

సాయంత్రం డ్యూటీ దిగి ఆ చిరునామాకు వెళ్ళింది. లిఫ్టు లేని మేడ, మూడో అంతస్తు. తలుపు తీసినావిడ తలుపంత ఉంది. ఎత్తుకు ఎత్తు, వెడల్పుకు వెడల్పు. ఫ్యాక్టరీలో ఆమెను బీరువా అంటారని తర్వాత తెలిసింది. ఆ పేరు చెప్పి పకపకా నవ్వింది కూడా ఆమే. కానీ ఆ సాయంత్రం నవ్వే స్థితిలో లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. భర్త కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎటో చూస్తున్నాడు.

"మీరేనా ఫోను చేయించింది? ఆ మాటలన్నీ పక్కనున్న ఈయన చెవినా పడ్డాయి. మీ పుణ్యమా అని ఈయన గ్లాసు వేరు, కంచం వేరు, సబ్బు వేరు. తువ్వాలు కూడా విడిగా ఆరేస్తున్నాడు. నేను ఇవ్వలేదు మొర్రో అంటే వినేవాళ్ళు లేరు!"

అక్క వంటగది గట్టు వైపు చూసింది. నిజమే. ఒక మూల ఒక గ్లాసు, రెండో మూల ఇంకో గ్లాసు. వాటి మధ్య రెండు చేతుల ఎడం. ఆవిడ నేరుగా అక్కడికి వెళ్ళి, "ఇందులో నీదేదమ్మా?" అని అడిగి, ఆమె గ్లాసు తీసుకుని, కుళాయి తిప్పి నింపుకుని, భర్త ఎదురుగా వచ్చి నిలబడి గటగటా తాగేసింది.

"ఈ జబ్బు గ్లాసుతో అంటదు. కంచంతో అంటదు. పక్కన కూర్చుంటే అంటదు. మీ ఆవిడకు ఉన్నా సరే, లేకపోయినా సరే. అర్థమైందా బాబూ?"

అప్పటికి బీరువాకు జబ్బు ఉందో లేదో అక్కకు తెలియదు. ఆ సంగతి భర్తకూ తట్టింది కాబోలు, తల వంచుకున్నాడు.

తర్వాత అసలు విషయం బయటికి వచ్చింది. సూదంటే బీరువాకు ప్రాణభయం. శిబిరం ఉందని తెలిసి, ఆ రోజు కడుపునొప్పని సెలవు పెట్టి ఇంట్లో ముసుగుతన్ని పడుకుంది. "నాతో కూడా కడుపునొప్పనే చెప్పిందండీ, కషాయం కూడా కాచిచ్చాను" అన్నాడు భర్త, కొంచెం కోపంగా, చాలా సంతోషంగా. బీరువా తన ఫ్యాక్టరీ కార్డు తెచ్చి చూపించింది. దాని మీద బ్లడ్ గ్రూపు ఏబీ అని ఉంది. సంచిలోని రక్తం ఓ గ్రూపు. ఇక వాదనకు తావే లేదు.

"మరి మా కాగితం మీదికి నీ పేరెలా వచ్చింది?"

"కోటు చూసి రాసుంటారక్కా."

ఫ్యాక్టరీలో అందరికీ తెల్లకోట్లు ఇస్తారు. చేరిన రోజున జేబు మీద ఎర్రదారంతో పేరు కుడతారు. కానీ కోట్లన్నీ కలిపి ఒకేసారి ఉతుకుతారు. ఉతికొచ్చాక సైజు ప్రకారం మేకులకు తగిలిస్తారు. ఎవరికి ఏది సరిపోతే అది తొడుక్కుని లోపలికి పరిగెత్తడమే. ఏళ్ళ తరబడి అదే అలవాటు. జేబు మీద పేరు వాళ్ళ కంటికి బొత్తాంతో సమానం. శిబిరంలో కాగితాలు నింపిన కాలేజీ కుర్రాళ్ళకు ఆ సంగతేం తెలుసు? టీ విరామం అయిపోతోందన్న హడావిడిలో జేబు చూసి పేరు రాసుకున్నారు. కార్డులూ ఫోన్లూ లాకర్లలో ఉంటాయి కాబట్టి, చిరునామాలూ నంబర్లూ ఆ పేర్లను బట్టి ఆఫీసు నుంచి తెచ్చుకున్నారు. ఇక్కడ సంతకం పెట్టండి అంటే వీళ్ళు కోడిగీతలు గీకి వెళ్ళిపోయారు. నోరు తెరిచి "మీ పేరేంటి?" అని ఒక్కరూ ఒక్కరిని అడగలేదు.

అంటే ఈ ఒక్క కాగితమే కాదు, ఆ రోజు నింపిన కాగితాల్లో సగం ఎవరివో ఎవరికీ తెలియదు. రక్తం ఇచ్చిన మనుషులు ఉన్నారు, కాగితాలున్నాయి. వీళ్ళకూ వాటికీ సంబంధం లేదు.

మర్నాడు డాక్టరు గారు ఇదంతా విని తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు.

"అందరినీ మళ్ళీ పిలిచి రక్తం తీస్తే మన పరువేం కాను సిస్టర్? ఇంకో చోట శిబిరం పెట్టనిస్తారా?"

"పరువు పోతే మెల్లగా మళ్ళీ తెచ్చుకుందాం డాక్టరు గారూ. ఆ మనిషి కాలేయం పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి సరేనన్నారు. ఆ ఒప్పుకోవడం కూడా చిన్న విషయం కాదు. ఎంతమంది ఒప్పుకుంటారు?

అక్క మళ్ళీ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నిలబడి అబద్ధమాడకుండా చెప్పింది. "మీరిచ్చిన రక్తం తాలూకు వివరాలు మా దగ్గర కలగాపులగం అయ్యాయి. తప్పు మాది. దయచేసి కొంచెం రక్తం మళ్ళీ ఇవ్వండి." జబ్బు మాట ఎత్తలేదు. సూపర్‌వైజరు కాగితాలు పట్టుకుని పేరుపేరునా పిలిచింది. సణిగినవాళ్ళు సణిగారు, విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు. "ఆ రోజు నీ కోటు నా ఒంటి మీదుందే!" అని ఒకళ్ళు, "మరి నేను వేసుకున్నది ఎవరిది?" అని ఒకళ్ళు, తప్పిపోయిన పేర్లన్నీ వాళ్ళలో వాళ్ళే నవ్వుకుంటూ తేల్చుకున్నారు. బీరువా కోటు ఒక్కటే తేలలేదు. ఆ సైజు మనిషి ఫ్యాక్టరీ మొత్తం మీద ఇంకొకరు లేరు. కాస్త లావుగా ఉన్నవాళ్ళందరినీ అడిగారు. "దాంట్లో మేమిద్దరం పడతాం" అన్నారు వాళ్ళు.

పరీక్షలయ్యాయి. ఎవరికీ జబ్బు లేదు.

"మనం చేయగలిగింది చేశాం సిస్టర్" అన్నారు డాక్టరు గారు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అక్కకు మరీ బాధేసింది. ఆ పూట ఇంటికెళ్ళి అన్నం కలిపి, తినకుండా అలాగే కూర్చుంది. భర్త ఫోము కత్తిరించడం ఆపి, "ఏమైంది?" అన్నాడు.

"ఎక్కడో తిరుగుతోందండీ. నవ్వుతోంది, పనిచేసుకుంటోంది, నాకేం అనుకుంటోంది. నాకు తెలిసి ఆమెకు తెలియకపోవడం ఏం న్యాయం?"

ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. "రేపు ఇంకోసారి వెళ్ళిరా" అన్నాడు. ఆ మాట వినడానికే ఎదురుచూస్తున్నట్టు అక్క అన్నం తినేసింది.

పరీక్షల ఫలితాలు ఎవరివి వాళ్ళకు తనే ఇస్తానని చెప్పి మళ్ళీ వెళ్ళింది. అందరికీ ఇచ్చేసి, బీరువాతో కలిసి నడవాలో నిలబడింది. లోపల ఓవెన్ల వేడి, వెన్న వాసన, బెల్టుల చప్పుడు. బీరువా ఏదో చెబుతోంది. ఇంతలో నడవా చివర మందపాటి ఇనుప తలుపు తెరుచుకుంది. తెల్లటి పొగలాంటి చలిగాలితో పాటు ఒక పిల్ల బయటికొచ్చింది. పిల్ల అంటే మరీ చిన్నది కాదు, పెళ్ళయిన మనిషే. కానీ పిట్టంత ఉంది. పిట్ట మీద కోటు మాత్రం మోకాళ్ళ కిందికి వేలాడుతోంది. కోటు చేతులు రెండు మడతలు పెట్టుకుంది. బొత్తాలు మాత్రం బిగుతుగా ఉన్నాయి. లోపల ఒకదాని మీద ఒకటి రెండు ఉన్ని స్వెట్టర్లు.

వెన్న నిలవచేసే చలిగదిలో పనిచేసేవాళ్ళు అలాగే వేసుకోవాలి. స్వెట్టర్ల మీద మామూలు కోటు పట్టదు. కాబట్టి మేకుల మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది వెతికి తొడుక్కుంటారు. ఇన్నాళ్ళూ అందరూ పెద్ద సైజు మనిషి కోసం వెతికారు.

అక్క బీరువా మోచేయి గట్టిగా పట్టుకుంది. బీరువాకు సంగతి అర్థమైంది. ఆమె నోరు ఎంత పెద్దదో అందరికీ తెలుసు. తన ఇంట్లో జరిగిన రభస ఒక్క ముక్క కూడా ఆ నోటి నుంచి ఫ్యాక్టరీలో ఎవరి చెవినా పడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ నోటితోనే మహోపకారం చేసింది.

"ఏయ్ పిల్లా! నువ్వా నా కోటు వేసుకుని ఊరేగుతున్నది? ఉతికొచ్చిన దగ్గర్నుంచీ వెతుక్కుంటున్నా! పద, ఇప్పుడే విప్పు!" అని నడవా అదిరేలా అరిచి, ఆ పిల్లను రెక్క పట్టుకుని కోట్లగదిలోకి లాక్కెళ్ళింది. చూసినవాళ్ళంతా కోటు తగాదా అనుకుని నవ్వుకున్నారు. రక్తం పరీక్షలు చేసే అక్క వెనకాలే ఎందుకు వెళ్ళిందని ఎవరికీ అనుమానం రాలేదు. బీరువా వాళ్ళిద్దరినీ లోపల వదిలి, తను బయట గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె నిలబడ్డాక ఆ తలుపుకు గడియ అక్కర్లేదు.

ఆ పిల్ల గబగబా కోటు బొత్తాలు విప్పుకుంటోంది. "నేను కావాలని తీసుకోలేదండీ, చలికి..."

"కోటు సంగతి వదిలెయ్యమ్మా. ఆ రోజు రక్తం ఇచ్చావా?"

"ఇచ్చానుగా. మీరే గుచ్చారు. టీ ఊదమన్నారు."

"మరి మళ్ళీ పిలిచినప్పుడు రాలేదేం?"

"అందరి పేర్లూ పిలిచారు, నా పేరు పిలవలేదు. పోనీలే, నా కాగితాలు భద్రంగానే ఉన్నాయనుకున్నా."

అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. చలిగదిలోంచి వచ్చిన చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి. "ముందు నీ పేరు చెప్పు" అంది. ఆ పిల్ల చెప్పింది. అప్పుడు అక్క మిగతా విషయం, ఒక్కొక్క మాటే, దాచకుండా, భయపెట్టకుండా చెప్పింది. ఆ సంచి నీదేనని ఖాయంగా తెలియాలంటే మళ్ళీ పరీక్ష చేయాలంది. ఆ పిల్ల మారు మాట్లాడకుండా స్వెట్టరు చేయి పైకి లాగి చేయి చాపింది. ఊదమని చెప్పకుండానే ఊదింది.

పరీక్షలో అదే తేలింది. డాక్టరు గారు స్వయంగా పెద్దాసుపత్రిలో మాట్లాడారు. కాలేయం ఇంకా పెద్దగా దెబ్బతినలేదని, మాత్రలు మొదలుపెడితే సరిపోతుందని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ రోజు డాక్టరు గారు అక్క కుర్చీ దగ్గరికి వచ్చి, "సిస్టర్, టీ తెప్పించమంటారా?" అని అడిగి వెళ్ళిపోయారు. గుమాస్తా ఆ తర్వాత ఎవరికి ఫోను చేసినా, "మీరు ఒంటరిగా ఉన్నారా? మాట్లాడొచ్చా?" అనే మొదలుపెడతాడు. శిబిరాల్లో ఇప్పుడు పేరు నోటితో అడిగే రాస్తారు. ఇవన్నీ ఎవరూ అక్క ఖాతాలో వేయలేదు. ఆవిడకూ ఆ గొడవ పట్టలేదు. ఆ వారం లిఫ్టు చెడిపోయింది, దాన్ని తిట్టడంలో తీరిక లేకుండా ఉంది.

మాత్రల చీటీ తీసుకుని ఆ పిల్ల బ్లడ్ బ్యాంకుకు వచ్చింది. కాళ్ళు నేలకు అందకుండా వాలు కుర్చీ అంచున కూర్చుంది. అక్క మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పి, మూడోసారి ఆ పిల్ల చేత చెప్పించుకుంది. అంతా అయ్యాక కూడా ఆ పిల్ల లేవలేదు.

"అక్కా, నేనిచ్చిన రక్తం ఎవరికైనా ఎక్కించారా?"

"లేదమ్మా. ఒక్క చుక్క కూడా ఎవరికీ వెళ్ళలేదు."

ఆ పిల్ల గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. తర్వాత మెల్లగా, "పారేశారా?" అంది.

"పారేశాం."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జబ్బుందని చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి.

"చిన్నప్పుడు బస్సు కింద పడి బతికానక్కా. ఎవరో రక్తం ఇచ్చారట. ఆడా మగా అని కూడా మా అమ్మకు తెలియదు. ఎప్పటికైనా నేనూ ఒకరికి ఇవ్వాలని ఇన్నాళ్ళూ అనుకున్నా. తీరా ఇస్తే, ఎవరికీ పనికిరాకుండా పోయింది."

ఈ జబ్బు అప్పుడు ఎక్కించిన రక్తంతోనే వచ్చి ఉండొచ్చని అక్కకు తట్టింది. ఆ పిల్ల అడిగితే చెప్పేదే. అడగలేదు. అడగని దాన్ని ఇప్పుడు ఆ మనసు మీద మోపడం ఎందుకని ఊరుకుంది. కానీ ఆ ఆఖరి మాటకు మాత్రం ముక్కుమీది కోపం ముంచుకొచ్చింది.

"పనికిరాలేదని ఎవరన్నారు? నువ్వు ఆ రోజు చేయి చాపకపోతే నీకీ జబ్బుందని ఎవరికి తెలిసేది? ఒక ప్రాణం నిలబెట్టావు. అది నీ ప్రాణమైతే మాత్రం లెక్కలోకి రాదా?"